పత్తి బండి మీద సాక్ష్యం

2022 నవంబరు 22, మంగళవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. ఆకాశం నిర్మలంగా ఉంది. ఆదిలాబాద్ పత్తి మార్కెట్ యార్డులో నేల మీద మోకాలెత్తున పొగమంచు పరచుకొని ఉంది. ఆనాటి కనిష్ఠ ఉష్ణోగ్రత పదకొండు డిగ్రీలని మరునాటి పత్రికలో చూసి నిర్ధారించుకున్నాను. ఆ సమయానికి డెబ్బై రెండేళ్ళ చెవిటి నేతకార్మికుణ్ణి ఒకర్ని నేను వెనక నుంచి నెడుతూ ఒక పత్తి ట్రాలీ మీదికి ఎక్కిస్తున్నాను. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన అన్ని పనుల్లోకీ ఉపయోగకరమైనది అదే. నియమావళిలో ఆ పనికి చోటు లేదు.

మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ఒక చిన్న కార్యాలయంలో నేను సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఇటువంటి ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న మీ కోసం ఇది రాస్తున్నాను. పదోన్నతుల గురించి, ఫైళ్ళ గురించి మీకు చెప్పేవారు చాలామంది ఉంటారు. వృద్ధ సైనికుడి ఎదుట కూర్చొని వినడం ఎలాగో చెప్పేవారు మాత్రం నాకు దొరకలేదు.

శాలువల విధానం

నా చివరి ఐదేళ్ళూ మా పై అధికారి స్వయంగా విశ్రాంత సైనికాధికారి. మంచివాడు, సమయపాలన తెలిసినవాడు. ఆయన దృష్టిలో సైనికుణ్ణి గౌరవించడానికి ఒక శాలువ, ఒక ఫొటో, ఒక నిమిషం చప్పట్లు చాలు. వృద్ధ సైనికులందరి యుద్ధానుభవాలు రాసి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు కూడా ఆయన నాకు అదే మార్గం సూచించారు.

"ఒక్కొక్కరికి ఒక పేజీ. తేదీ, స్థలం, చేసిన సాహసం. అంతకు మించితే ఎవరూ చదవరు," అన్నారు.

తేదీ అనే మాట వినగానే నాకు ఉత్సాహం కలిగింది. మనిషి చెప్పే మాట మారుతుంది, తేదీ మారదు. ఈ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయితే ఈ నమ్మకంతో మనిషి ముందు కూర్చుంటే ఏమవుతుందో ఇచ్చోడలో తెలిసింది.

బల్లార్షా దాటని రైలు

ఇచ్చోడలో గంగారాం అనే విశ్రాంత హవల్దారు ఉండేవాడు. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం కవాతు మైదానానిది. మొదటి రోజు ఆయన ఇలా మొదలుపెట్టాడు.

"కాజీపేటల బండెక్కినం సార్. మస్తు మంది ఉన్నరు. బండి కదిలింది..."

"ఏ సంవత్సరం, ఏ నెల?" అన్నాను.

"గదే సార్, మా ఎర్రెద్దు సచ్చిన సాలు."

"ఎద్దు ఎప్పుడు చనిపోయింది?"

ఆయన ఆలోచించాడు. కొడుకును పిలిచాడు. కొడుకు వచ్చి, ఆ ఇంట్లో ఎర్రెద్దులు రెండు చచ్చాయని, బాపు చెప్పేది ఏ ఎద్దు సంగతో తనకు తెలియదని చెప్పాడు. ఆ పూట ఎద్దులతోనే ముగిసింది. రెండోసారి వెళ్ళినప్పుడు రైలు మళ్ళీ కాజీపేట నుంచే బయలుదేరింది. మంచిర్యాల దగ్గర నేను రైలు నంబరు అడిగాను. మూడోసారికి రైలు బల్లార్షా చేరింది. అక్కడ ఎంతసేపు ఆగిందని అడిగాను.

"సార్," అన్నాడు గంగారాం ఎంతో ఓర్పుగా, "మీరు గిట్లనే ఆపుకుంట పోతే నేను పోయెసరికి యుద్ధం అయిపోతది."

నవ్వుకొని, వచ్చే వారం వస్తానని చెప్పి లేచాను. వచ్చే వారం నేను వెళ్ళకముందే ఆయన చావు కబురు వచ్చింది. గంగారాం యుద్ధంలో ఏం చేశాడో, ఏం చూశాడో నాకు తెలియదు. ఆయన కొడుక్కీ తెలియదు. మా దగ్గర ఉన్నదల్లా బల్లార్షా దాకా వచ్చి ఆగిన ఒక రైలు.

ఇద్దరు అబద్ధాలవాళ్ళు

బోథ్ దగ్గరి ఒక పల్లెలో లాన్స్ నాయక్ సామ్యేల్ ఉంటాడు. ఐదెకరాల పత్తి రైతు. అక్కడి మెథడిస్టు క్రైస్తవ సంఘంలో పెద్ద. కరీంనగర్ వైపు ఒక మరమగ్గాల ఊళ్ళో సిపాయి సత్తయ్య ఉంటాడు. ఇద్దరూ డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు సరిహద్దున ఒకే దళంలో ఉన్నవారు. ఆ తరువాత నలభై ఏళ్ళకు పైగా ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు వెళ్ళినవారు. మేము నిర్వహించిన ఒక సన్మాన సభ తరువాత ఇద్దరికీ మాటలు లేవు.

ఆ సభలో నేనూ ఉన్నాను. మెడలో దండతో సామ్యేల్ మైకు అందుకొని, తనకు తూటా తగిలిన సాయంత్రం సత్తయ్య తనను వీపు మీద వేసుకొని కాలువ దాటించాడని చెప్పాడు. చప్పట్లు మోగాయి. మెడలో అటువంటి దండతోనే సత్తయ్య లేచి నిలబడ్డాడు.

"అబద్ధం. వాడే నన్ను మోసిండు," అన్నాడు.

సభలో నవ్వులు లేచాయి. సంఘంలో సాక్ష్యం చెప్పే మనిషిని నలుగురిలో అబద్ధాలవాడని అంటే ఎలా ఉంటుందో నవ్వినవాళ్ళకు తెలియదు. సామ్యేల్ దండ తీసి కుర్చీ మీద పెట్టి బస్సెక్కాడు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాట లేదు, ఫోను లేదు.

సాధారణంగా ఇద్దరు సైనికులు కొట్లాడితే గొప్ప నాదంటే నాదని కొట్లాడతారు. గొప్ప నీదంటే నీదని కొట్లాడినవారిని నేను వేరే చూడలేదు. నేను ఇద్దరినీ వేర్వేరుగా విచారించాను. తేదీ ఇద్దరూ ఒక్కటే చెప్పారు, కాలువ ఒక్కటే చెప్పారు. ఒకే తేదీన, ఒకే కాలువ దగ్గర ఇద్దరూ ఒకరినొకరు మోయడం అసంభవమని తేల్చి, ఆ కాగితం పక్కన పెట్టాను.

2022 నవంబరు 20, ఆదివారం, సామ్యేల్ భార్య రూతమ్మ నుంచి ఫోను వచ్చింది.

"సార్, మా ఆయనకు గొంతుల గడ్డ ఉన్నదట. వచ్చే సోమారం హైదరాబాదుల ఆపరేషన్. మాట ఉండదని డాక్టరు చెప్పిండు. బుధారం పొద్దుగాల పోతున్నం. గా యుద్ధం ముచ్చట ఏదో రాసుకుంటమంటిరి గద. రాసుకునేదుంటే జల్ది రార్రి."

మధ్యాహ్నానికల్లా వెళ్ళాను. సామ్యేల్ గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. గట్టిగా మాట్లాడవద్దని డాక్టరు చెప్పాడట. అయినా ఆయన ముఖంలో దిగులు కనిపించలేదు.

"మాట పోతే ఏమున్నది సార్. నలభై ఎనిమిదేండ్ల సంది ఈమెనే గెలుస్తున్నది. ఇగ కొట్లాట కూడ ఉండది," అన్నాడు.

"ఇగో, గిట్లనే సార్," అంది రూతమ్మ. "మిల్ట్రీ ముచ్చట అడిగితే పప్పుల రాళ్ళొచ్చినయంటడు, చాయల చక్కెర లేకుండె అంటడు. ఆ పప్పుల ఎన్ని రాళ్ళొచ్చినయో నాకు ఎర్కే. ఈయన ఈపు మీద గా మచ్చ ఎట్లయ్యిందో మాత్రం ఎర్కలే. రోజు నూనె రాసేది నేనే గద."

చెప్పమని సామ్యేల్‌ను అడిగాను. ఆయన అడ్డంగా తల ఊపాడు.

"మా సంఘంల సాక్ష్యం దొంగసాటుగ చెప్పరు సార్. ఎర్కున్నోళ్ళ ముంగట నిలవడి చెప్తరు. నన్ను అబద్ధాలోడు అన్నోడే ముంగట కూసోవాలె. వాడొస్తే చెప్త. లేకుంటే గా ముచ్చట నాతోనే పోతది."

బల్లార్షాలో ఆగిపోయిన రైలు నాకు గుర్తుకొచ్చింది. ఈసారి నాకున్న గడువు మూడు రోజులు.

సాంచల చప్పుడు

సోమవారం ఉదయం సత్తయ్య పనిచేసే షెడ్డుకు వెళ్ళాను. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. అవి నడుస్తుంటే పక్క మనిషి మాట వినపడదు. ఆయన యుద్ధం నుంచి మంచి చెవులతోనే తిరిగి వచ్చాడు. పూర్వం మా కాగితాల్లో యుద్ధ గాయం అన్న చోట చెవుడు అని ఎవరో రాస్తే ఆయనే వచ్చి కొట్టివేయించాడు. "ఫిరంగులకు పోలే సార్ నా చెవులు, సాంచలకు పోయినయ్. దుష్మన్‌కు లేని పేరు ఎందుకు?" అన్నాడు. నిజాయితీ ఇంత కచ్చితంగా ఉన్న మనిషితో పని చేయడం ఎంత కష్టమో మీకు ముందు ముందు తెలుస్తుంది.

నేను ఆయన చెవిలో అరిచాను. "సామ్యేల్ మిమ్మల్ని రమ్మంటున్నాడు."

"అబద్ధం వాపస్ తీసుకుంటడా?"

"ఆయనకు గొంతు ఆపరేషన్."

"ఏంది?"

"గొంతు. మాట పోతుంది."

ఆయన నా ముఖం వంక చూశాడు. తరువాత వెళ్ళి తన సాంచలు నాలుగూ ఒక్కొక్కటే ఆపాడు. పక్కవాళ్ళు ఏమైందో అనుకొని వాళ్ళవీ ఆపారు. ఎన్నోసార్లు వెళ్ళినా, ఆ షెడ్డు నిశ్శబ్దంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే.

"నడువుర్రి," అన్నాడు. చేతులకు నూనె అట్లాగే ఉంది. చొక్కా మార్చుకుంటారా అంటే, "వాడు నా చొక్క చూస్తడా?" అన్నాడు.

ఆ రాత్రి ఆదిలాబాద్‌లో మా ఇంట్లోనే పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే బోథ్ బయలుదేరుతుండగా రూతమ్మ ఫోను చేసింది. సామ్యేల్ ఇంట్లో లేడు. హైదరాబాదు వెళ్ళేలోపు పత్తి అమ్మాలని, ముందు రోజు సాయంత్రమే అద్దె ట్రాక్టరులో మార్కెట్ యార్డుకు వచ్చి వరుసలో నిలబడ్డాడు. ఆమె కూడా ఆయనతోనే ఉంది.

యార్డు

యార్డులో ట్రాలీల వరుస గేటు దాటి రోడ్డు దాకా ఉంది. సామ్యేల్ ట్రాలీని నేను దూరం నుంచే గుర్తుపట్టాను. పత్తి మీద మంచు పడకుండా మేము సభల్లో కప్పిన శాలువలు వరుసగా పరచి ఉన్నాయి. మా కార్యాలయం ఇచ్చిన వస్తువు ఒకటి నిజంగా పనికి రావడం అప్పుడే చూశాను.

ఇద్దరూ ఎదురుపడ్డారు. నమస్కారాలు లేవు.

"సత్తిగా, బక్కగైనవ్," అన్నాడు సామ్యేల్.

"ఏంది?"

"బక్కగైనవ్ అంటున్న."

"నువ్వేమన్న పైల్వాన్ లెక్క ఉన్నవా?"

ఇక్కడ నేను తొందరపడ్డాను. ఎవరు ఎవరిని మోశారన్నది మాటలతో తేలదు. అంకెలతో తేలుతుందేమో అనిపించింది. ఒకరు బాగా బరువై, మరొకరు బాగా తేలికై ఉంటే, తేలికవాడు బరువైనవాణ్ణి మోసి కాలువ దాటించడం కష్టం. అది ఒక ఆధారమవుతుంది. పక్కనే బండ్లు తూచే పెద్ద కాంటా ఖాళీగా ఉంది. ఇద్దరినీ ఒక్కొక్కరిగా దాని మీద నిలబెట్టాను.

కాంటా గుమాస్తా కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ముందుగాల నిలవడ్డాయనది యాభై. ఎనుకాయనది యాభై."

"సరిగ్గా చూడండి," అన్నాను.

"సార్, ఇది బండ్లు తూచేది. పదేసి కిలోల లెక్కన చూపిస్తది. మనుషులను తూచాల్నంటె దవాఖానకు తీస్కపోర్రి. అయినా ముసలోళ్ళను తూచి ఏం జేస్తరు, పత్తి లెక్క తేమ ఎక్కువున్నదని ధరల కోత పెడ్తరా?"

వరుసలో ఉన్న రైతులు నవ్వారు. నేను ఓటమి అంగీకరించి, సత్తయ్యను ట్రాలీ మీదికి ఎక్కించాను. అప్పుడు సమయం ఏడు గంటల నలభై నిమిషాలు.

పత్తి మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రూతమ్మ ట్రాలీ అంచు పట్టుకొని కింద నిలబడింది. నేను రికార్డరు ఆన్ చేశాను. సామ్యేల్ సంఘంలోలాగా లేచి నిలబడబోయాడు. పత్తిలో కాళ్ళు దిగబడి కూర్చుండిపోయాడు.

"నా పేరు సామ్యేల్. గా దినం..." అని మెల్లగా మొదలుపెట్టాడు.

"ఏంది?" అన్నాడు సత్తయ్య.

సామ్యేల్ కొంచెం గొంతు పెంచాడు.

"వినరాలే."

గట్టిగా మాట్లాడవద్దని డాక్టరు చెప్పిన గొంతును, ఆరు రోజుల్లో పోబోయే గొంతును, సామ్యేల్ ఒక చెవిటి స్నేహితుడి కోసం పూర్తిగా విప్పాడు. యార్డులో సగం మందికి వినబడింది. పక్క ట్రాలీ వాళ్ళు ఇంజను ఆపారు. ఆ పక్కవాళ్ళూ ఆపారు.

దళం కాలువ దాటడం, అవతలి వరిపొలంలో ఎదురుకాల్పులు, సాయంత్రం పొద్దూకే వేళ తన భుజం వెనక తూటా దిగడం, సత్తయ్య తనను లాక్కొచ్చి వీపున వేసుకోవడం, అన్నీ వరుసగా చెప్పాడు.

"కాలువ లోతు ఎంత?" అన్నాను. అలవాటు.

వెనక ట్రాలీ మీది రైతు నా వైపు తిరిగాడు. "సార్, జర ఆగుర్రి. మనిషి నీళ్ళల్ల ఉన్నడు."

ఆగాను. ఆ క్షణం నుంచి నేను ఏమీ అడగలేదు.

"గిట్ల వీడు నన్ను దాటించిండు. ఇదే నా సాక్ష్యం. సత్తిగా, నువ్వు నన్ను మోసినవా, మోయలేదా? అందరి ముంగట చెప్పు," అన్నాడు సామ్యేల్.

"మోసిన," అన్నాడు సత్తయ్య.

సభ నాటి నుంచి ఈ ఒక్క మాట కోసం ఎదురుచూసిన సామ్యేల్ గెలిచినవాడిలా చుట్టూ చూశాడు.

"అది పొద్దూకినంక. పొద్దుగాల ముచ్చట చెప్పు," అన్నాడు సత్తయ్య.

"పొద్దుగాల ఏం లే."

"చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"సత్తిగా, ఊకో. అది చెప్పెటిది కాదు."

"అగో, సూసిండ్రా. వీని సాక్ష్యం సగమే," అని సత్తయ్య యార్డు వైపు తిరిగాడు. చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. "అన్నలారా, నేను నేతోన్ని. నాకు ఈత రాదు. పొద్దుగాల గా కాలువ ఒడ్డుకు పోంగనే నాకు ఒణుకు పుట్టింది. లాగుల పోసుకున్న. అందరు దిగిండ్రు, నేను దిగలే. సుబేదారు చూస్తే నా గతేంది? గప్పుడు వీడు ఎనుకకొచ్చి, ఎవ్వలికి చెప్పకుంట, చిన్న పోరన్ని ఎత్తుకున్నట్టు నన్ను భుజాల మీద కూసోవెట్టుకొని దాటించిండు. వీడు నన్ను పొద్దుగాల మోయకుంటే, నేను పొద్దూకినంక వీన్ని మోయనీకి ఆడ ఉంటనా? ఇది చెప్పకుంట నన్ను పెద్ద బహద్దూర్‌ను చేసిండు. నేను ఆ శాలువ ఎట్ల కప్పుకోవాలె?"

"నీ ఇజ్జత్ పోవద్దని చెప్పలేరా," అన్నాడు సామ్యేల్.

"నా ఇజ్జత్ నేను చూసుకుంట. నువ్వు లెక్క సక్కగ చెప్పు."

తేదీ ఒక్కటే. కాలువ ఒక్కటే. ఉదయమా, సాయంత్రమా అని నేను గంట అడగలేదు. తేదీని నమ్ముకున్నవాడు గంట అడగకపోవడం ఎంత పెద్ద లోపమో మీకు వేరే చెప్పనవసరం లేదు. మీరు తేదీలు అడగండి, తప్పక అడగండి. కానీ మనిషి నీళ్ళు దాటి ఒడ్డుకు చేరిన తరువాత అడగండి.

రూతమ్మ కింది నుంచి సత్తయ్యను అడిగింది. ఆయనకు వినిపించేలా, ప్రతి మాటా విడదీసి అడిగింది. "అన్నా, నీళ్ళంటె గంత భయమున్నోనివి, పొద్దూకినంక ఎట్ల దిగినవ్?"

సత్తయ్య ఆమె వైపు వంగాడు.

"నీళ్ళ దిక్కు చూడలే చెల్లే. వీడు నా చెవుల ఊకె మాట్లాడుతున్నడు. పప్పుల రాళ్ళున్నయని, చాయల చక్కెర లేదని. మాట ఆగితే పాణం పోయినట్టని నేను అనుకున్న. గా మాటలు ఇనుకుంటనే నడిచిన. ఎప్పుడు ఒడ్డెక్కిన్నో ఎర్కలే."

రూతమ్మ ట్రాలీ అంచు మీద తల ఆనించింది. సామ్యేల్ పత్తిలోంచి చెయ్యి చాచి ఆమె కొంగు సవరించాడు. ఇంతలో తేమ చూసే మనిషి యంత్రం తీసుకొని వచ్చాడు. వరుస ముందుకు కదిలి చాలాసేపైందని, ముందు నాలుగు బండ్ల జాగా ఖాళీగా ఉందని కోప్పడ్డాడు. వెనక ఒక్క బండి కూడా హారను కొట్టలేదు. తేమ తక్కువే వచ్చింది.

లెక్క

సామ్యేల్ బుధవారం హైదరాబాదు వెళ్ళాడు. సోమవారం ఆపరేషన్ జరిగింది. మనిషి దక్కాడు, మాట పోయింది. సత్తయ్య ప్రతి నెలా బస్సెక్కి బోథ్ వెళ్ళి వస్తున్నాడు. ఫోను చేయవచ్చు కదా అంటే, "వాడు మాట్లాడడు, నేను ఇనను. ఫోను కంపెనీవోనికి పైసలు ఎందుకు సార్?" అన్నాడు. వెళ్ళి ఏం చేస్తారని అడిగాను. కూర్చుంటామన్నాడు.

యార్డులో రికార్డు చేసిన గంటా పది నిమిషాలనూ నేను ఒక్క పేజీకి కుదించలేదు. పదమూడు పేజీలు పైకి పంపాను. మా అధికారి సంతకం పెట్టే ముందు అంతా చదివారు. లాగు సంగతి తీసేద్దామా అని అడిగారు. సత్తయ్య ఒప్పుకోడని చెప్పాను. ఉంచారు. ఆ తరువాత జరిగిన సభలో శాలువలకు బదులు కుర్చీలు గుండ్రంగా వేయించారు. అది ఆయన గొప్పతనమని నేను ఒప్పుకుంటాను.

నాలుగు నెలల తరువాత, 2023 మార్చి 31 సాయంత్రం, నేను కార్యాలయం తాళాలు అప్పగించాను. ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఆ రోజు దాకా నేను వినవలసిన పెద్దవాళ్ళు నలభై ఆరుగురు. చివరిదాకా విన్న సాక్ష్యాలు పందొమ్మిది. మధ్యలో ఆగిపోయినది ఒకటి. వినకముందే పోయినవి ఇరవై ఆరు.